కాశీలో వదిలిన పెరుగు

పక్కింట్లో మజ్జిగ చిలికే చప్పుడు వినబడితే తలుపు వేసుకుంటాను. అయినా ఆ పుల్లటి వాసన లోపలికి వస్తుంది, దాని వెంట నర్సు సువార్తమ్మ మాట వస్తుంది.

మాది పెన్న కాలవ కింద వరి పండే ఊరు, సముద్రానికి దగ్గర. నా గర్భసంచిలో గడ్డ తీసిన ఏడాది మా ఆయన కాశీకి పోయి, నేను బతికినందుకు చేపలు, మాంసం, గుడ్లు, పాలు, పెరుగు అన్నీ అక్కడ వదిలేసి వచ్చాడు. ఒక కాయో పండో వదిలితే చాలని అందరూ అన్నారు. "దాని ప్రాణం ఒక కాయతో సమానమా?" అన్నాడు.

కొన్నేళ్ళకు ఆయన అరికాళ్ళు మొద్దుబారాయి. ఏ మడికి నీళ్ళు పెట్టాడో మరిచిపోయేవాడు. సువార్తమ్మే పట్టుబట్టి నెల్లూరులో రక్తం పరీక్ష చేయించింది. నాకు సంతకం మించి రాదు కాబట్టి ఆ కాగితం కూడా ఆమే చదివింది.

"హోమోసిస్టీన్ ఎక్కువుంది అక్కా. అది అందరి రక్తంలో ఉండేదే. చేపల్లో, పాలల్లో దొరికే బి12 విటమిన్ చాలకపోతే పేరుకుంటుంది. ఎండ్రకాయ గట్టును లోపల్నించి తొలిచినట్టు, మెదడుకు పొయ్యే రక్తనాళాల్ని పాడు చేస్తుంది. మతిమరుపూ రావచ్చు. అన్నను పెరుగు తినమను, ఈ సూది వేయించుకోమను."

"మీ దేవుడు అన్నీ తినమన్నాడులే," అన్నాను.

"మీ కాశీ దేవుడు సూది వద్దన్నాడా?" అని నవ్వింది. "ఇందులో చేపా లేదు, పాలూ లేవు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి నా వైపు చూశాడు. "నువ్వు సరేనంటే వేయించుకుంటా."

సీసాలో మందు ఎర్రగా ఉంది. "అందులో ఏం కలిపినారో మనకెట్టా తెలుసు?" అన్నాను. మొక్కు తప్పితే గడ్డ మళ్ళీ వస్తుందని నా భయం. ఆ సంగతి మాత్రం పైకి చెప్పలేదు. ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

సువార్తమ్మ మానలేదు. బుధవారం బుధవారం టీకాలకు వచ్చినప్పుడల్లా మా గడప దగ్గర ఆగి, "ఈ వారమన్నా వేసేదా?" అని అడిగేది. కోతల ముందు ఒక బుధవారం ఆమె వచ్చేసరికి ఆయన మూతి వంకరపోయి పొలం గట్టు మీద పడి ఉన్నాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాడు. నర్సులు నన్ను చూపించి ఈమె పేరేమిటని అడిగితే చెప్పలేకపోయాడు. పదో రోజు పోయాడు.

సూది వేసుంటే బతికేవాడా అని దినాల నాడు సువార్తమ్మను అడిగాను.

"తెలీదు అక్కా. అన్నకు బీపీ ఉంది, బీడీలున్నాయి. సూది వేసినా వచ్చేదేమో."

అబద్ధం చెప్పడం రాని మనిషి. నీ వల్లేనని తిట్టినా, నీ తప్పు లేదని ఓదార్చినా నాకొక దారి దొరికేది.

ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. కాళ్ళు మొద్దుబారుతున్నాయని ఎవరన్నా అంటే ఇప్పుడు నేనే వాళ్ళ గడప దగ్గర నిలబడి, "ఈ వారమన్నా పోయి చూపించుకో," అంటాను.

నా గడ్డ మళ్ళీ రాలేదు. ఏడాదికోసారి డాక్టరమ్మ చూసి, "ఏమీ లేదమ్మా, నూరేళ్ళు బతుకుతావు," అంటుంది.