కారవాన్‌లో దేవుడి గూడు

మేముండే క్రెయిగీబర్న్‌లో జూన్ వచ్చిందంటే నాకు ఊపిరాడదు. ఈ దక్షిణార్ధగోళపు దేశంలో జూన్ అంటే నడి చలికాలం. ఆ ముసురు, ఆ చలి, ఐదింటికే చీకటి. ముప్ఫై ఏళ్ళయినా అలవాటు కాలేదు, కాదు కూడా. మాది అనంతపురం జిల్లా. ఎర్రమన్ను, ఎండ, కనుచూపు మేర ఖాళీ నేల. వాటి కోసం నా ప్రాణం కొట్టుకుపోతుంది. ఈ దేశం నడిమధ్యన ఎడారిలో చలికాలమంతా మంచి ఎండ కాస్తుందని విన్నప్పటి నుంచీ నాకదే ధ్యాస. రిటైరైన వారానికే ఒక పాత కారవాన్, అదే, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కొనేశాను.

"నీళ్ళు లేవనే కదండీ మీ ఊరొదిలి వచ్చారు? ఇప్పుడు డీజిల్ తగలేసుకుని మరీ కరువు చూడ్డానికెళ్ళాలా?" అంది మా ఆవిడ. ఆవిడది కోనసీమ, వెటకారం పుట్టుకతోనే వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది గానీ పట్టు వదల్లేదు. మూడు నెలల మకాం మరి. బియ్యం, కందిపప్పు, ఆవకాయ సర్దాను. గ్రైండర్ కదలకుండా తాళ్ళతో బిగించాను. ఒకరోజు ఆవిడ లోపలికి తొంగిచూసి, "రామ రామ! పొయ్యి పక్కనే టాయిలెట్టా?" అని ముక్కు మూసుకుని దిగిపోయింది. ఓహో, ఇదన్నమాట అడ్డం! ఆ వీకెండంతా నడుం విరిగేలా కష్టపడి టాయిలెట్ ఊడబీకాను. ఆ మూల కడిగి, పసుపునీళ్ళు చల్లి, దేవుడి గూడు కట్టాను.

ఆవిణ్ణి పిలిచి గొప్పగా చూపించాను. దణ్ణం పెట్టుకుని నా వైపు తిరిగింది.

"బావుందండీ. మరి ఈ మోకాళ్ళతో ఎడారిలో నేనెక్కడ కూర్చోవాలి, ముళ్ళపొదల్లోనా?"

నా బుద్ధి గడ్డి తిన్నది. "రేపే మళ్ళీ బిగిస్తాలే. నువ్వు రానంటే మాత్రం ఊరుకోను. ఇదంతా నీ కోసమే కదా?"

"రానని ఎప్పుడన్నాను? అసలు వస్తావా అని మీరెప్పుడడిగారు?" గొంతులో వెటకారం లేదు. "ఈ దేశానికి వచ్చేటప్పుడూ అంతే. ఫారాలన్నీ నింపేసి, ఇక్కడ సంతకం పెట్టు అన్నారు. పెట్టాను."

బయట వాన మొదలైంది. ఇద్దరం ఆ ఇరుకులో మంచం అంచున కూర్చున్నాం. ఇన్నేళ్ళూ నా ఎర్రనేల కోసం నేను అలమటించానే తప్ప, ఆవిడ దేనికోసం అలమటిస్తోందో నాకు తెలియదు. సిగ్గేసింది.

"నీకెక్కడికి వెళ్ళాలనుంది?" అన్నాను.

ఆవిడ కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిని కొంగుతో తుడిచింది.

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కదండీ," అంది. "ఆలోచించుకోవాలి."