ముగ్గు డబ్బా

తడి నేల మీద సున్నపు పొడి పడగానే లేచే వాసన, ముక్కులో సన్నగా మండి గొంతు వెనక చేదుగా నిలిచే ఆ వాసన తగిలితే నేను ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. మొన్న మా గురజాలలో ఫుట్‌బాల్ గ్రౌండు పక్కగా నడిచి వస్తుంటే అదే వాసన వచ్చి అక్కడే ఆగిపోయాను. గ్రౌండును తూర్పుకు పెంచి, జనం కూర్చోవడానికి మెట్లు కడతారట. పెంచాలా వద్దా అని ఊళ్లో ఏడాదిగా కొట్టుకుంటున్నారట. కొట్టుకోవడమంటే ఈ కాలం వాళ్లకు ఫోన్లలో తిట్టుకోవడం. మా రోజుల్లో ఆ మాటకు ఒకటే అర్థం, కొట్టుకోవడమే.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్ మాస్టారు, సాయంత్రం గంట కొట్టాక అదే ఖాకీ నిక్కరుతో ఫుట్‌బాల్ క్లబ్బుకూ మాస్టారే. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు, బంతిలోకి బ్లాడరు అసలే దొరకదు, ఉన్న ఒక్క తోలు బంతినీ చెప్పులు కుట్టే మస్తాన్ బాబాయి కుట్టు మీద కుట్టు వేసి, ఆముదం పట్టించి బతికిస్తుండేవాడు. నాపరాళ్లు పెనాల్లా కాలే మా పల్నాడు ఎండల్లో, రాయిలాంటి ఆ బంతిని వట్టి కాళ్లతో తన్నేవాళ్లు. గోళ్లు ఊడేవి, పళ్లు రాలేవి, మాచర్ల జట్టు వచ్చిందంటే రెఫరీ ఈల కన్నా ముందు కర్రలు లేచేవి. ఆడపిల్లలం గచ్చకాయలు ఆడుకుంటూ ఇవాళ ఎవరి పన్ను పోతుందోనని పందేలు వేసుకునేవాళ్లం. ఆట ఉన్న రోజు మా అమ్మ పొద్దున్నే మూకుట్లో నూనె పోసి పసుపు కాచి పెట్టేది, క్రిస్మస్‌కు అదే మూకుట్లో అరిసెలు వండితే వాటికి ఏ మూలో ఆ గాయాల మందు వాసన వచ్చేది. మేం మాత్రం లొట్టలు వేసుకుంటూ తినేవాళ్లం.

గ్రౌండు పొట్టిది. తూర్పు గోలుకు పది బారల దూరంలోనే మా పక్కింటి కోటయ్య పెదనాన్న జొన్నచేను మొదలయ్యేది. పెదనాన్నంటే చుట్టరికం కాదు, పిలుపు. కోత అయ్యాక ఆ చేలో కొయ్యకాళ్లు మేకుల్లా నిలబడి, బంతి కోసం పరుగెత్తినవాడి అరికాలును చీల్చేవి. కొయ్యకాళ్లను దాటినా సాంబయ్య ఉండేవాడు, కోటయ్య పెదనాన్న తమ్ముడు. అంతకు ముందున్న బంతి ఒకసారి పంట మీద పడితే దాన్ని గొడ్డలితో రెండు చెక్కలు చేసి మా మీదకే విసిరాడు, ఆ రోజు ఊళ్లో పిల్లలందరం సొంతమనిషి పోయినట్టు ఏడ్చాం. తమాషా ఏమిటంటే, కోటయ్య పెదనాన్న ఒక్కగానొక్క కొడుకు వెంకటేశ్వర్లే మా జట్టుకు ప్రాణం. వెంకటన్న ఎడం కాలితో తన్నితే గోల్‌కీపరు చేతులు అడ్డం పెట్టడం మానేసి ముఖం కాపాడుకునేవాడు.

బయటి జిల్లాల జట్లు రావాలంటే గ్రౌండు కొలతకు రావాలి, అంటే ఆ చేలో ముప్పై బారలు కావాలి. స్కూలు వరండాలో మీటింగు పెడితే సగం మంది పెంచాలన్నారు, సగం మంది రైతు నోటికాడ కూడు లాగొద్దన్నారు, ఇద్దరు చొక్కాలు చించుకున్నారు. వెంకటన్న తండ్రి పక్కన నిలబడి నేల చూస్తూ, "ఇద్దాం నాయనా" అన్నాడు. చానాసేపు చుట్ట నమిలి కోటయ్య పెదనాన్న తేల్చిన మాట ఇది:

"గీత గీసి చూపించు మేస్టారూ. ఎంత పోద్దో కళ్లారా చూసి చెప్తా. బూడిదతో గియ్యి, ముగ్గు మాత్రం పొయ్యమాక. మా సాంబయ్యకు తిక్క రేగుద్ది."

మా వైపు ఖాళీ నేల మీద సున్నంతో ముగ్గు పోశారంటే పునాది తీస్తున్నారని లెక్క, నేల చేతులు మారిపోయిందని లెక్క. బూడిద గీత ఒట్టి మాట, గాలికి పోతుంది. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది. మీటింగు నాటి సాయంత్రమే నాన్న చేలో మేకులు కొట్టి తాడు కట్టి వచ్చాడు, మర్నాడు డ్రిల్లు ఉందని హడావిడిగా వెళ్తూ, "తాడు వెంబడి పొయ్యిలో బూడిద చల్లిరావే చిట్టీ" అన్నాడు. అమ్మ అప్పుడే అన్నం దించింది, పొయ్యిలో బూడిద నిప్పుల మీద ఉంది, చల్లారేదాకా కూర్చోవాలి. గుమ్మం పక్కన గ్రౌండులో గీతలు గీసే ముగ్గు డబ్బా ఉంది, పిడుగురాళ్ల బట్టీల నుంచి బండ్ల మీద వచ్చిన తెల్లటి సున్నం. బూడిద కంటే ఇదే బాగా కనపడుతుందనుకున్నాను. కొయ్యకాళ్ల మధ్య వంగి వంగి, మూల దగ్గర చక్కగా మలుపు తిప్పి, నా జీవితంలో అంత తిన్నటి గీత ఎప్పుడూ గియ్యలేదని మురిసిపోయి బడికి పోయాను.

ఆ రోజు కోటయ్య పెదనాన్న పనిమీద నరసరావుపేట వెళ్లాడు. సాయంత్రం ఆట మొదలయ్యేసరికి సాంబయ్య చుట్టాలతో, బరిసెలతో, గొడ్డళ్లతో చేలో నిలబడి ఉన్నాడు.

"ఎవడ్రా మా చేలో ముగ్గు పోసింది? ఆ గీత మీద పడ్డ కాలు నరుకుతా!"

మా వాళ్లు గోలు కర్రలు పీకారు. మొదటి రాయి ఎవరిదో తెలియదు, మస్తాన్ బాబాయి నుదురు చిట్లడం మాత్రం చూశాను. నాన్న రెండు చేతులూ పైకెత్తి పరుగున పోయి, "ఒట్టి గీత సాంబయ్యా, చెరిపేస్తా ఉండు" అంటూ కాలితో ముగ్గు చెరపబోయాడు. గీత మీద కాలు పడింది. గొడ్డలి లేచింది. ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడానికి ఎలా జారేవాడో అలాగే వెంకటన్న పక్కనుంచి జారి, నాన్నను తన్ని అవతలకు తోశాడు. తన్నింది ఎడం కాలితో. గొడ్డలి ఆ కాలి మీదే దిగింది. చప్పుడు పెద్దగా రాలేదు, చెరుకు నరికినంతే. తెల్లటి ముగ్గు మీద నెత్తురు పడి తాంబూలం ఉమ్మినట్టు ఎర్రబడింది. సాంబయ్య గొడ్డలి వదిలేసి, "ఓరి నా తండ్రీ" అంటూ అన్న కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. గ్రౌండు అవతలి కొసన ఉన్నవాళ్లకు ఇదేమీ తెలియక ఇంకా తలలు పగలగొట్టుకుంటూనే ఉన్నారు.

ఆసుపత్రిలో వెంకటన్న బతికాడు, పాదం బతకలేదు. సాంబయ్య జైలుకు పోయాడు. మర్నాడు పొద్దున కోటయ్య పెదనాన్న ఆ పాదాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, ముగ్గు మలుపు తిరిగిన మూలలో తన చేత్తోనే పాతిపెట్టి, అటునుంచి అటే మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. చేతులకు ఇంకా నల్లమట్టి ఉంది.

"బూడిదతో గియ్యమంటిని గదా మేస్టారూ. ముగ్గెందుకు పోశావు?"

నేను తలుపు వెనక ఉన్నాను. నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. నా వేళ్ల సందుల్లో సున్నం ఇంకా పోలేదు.

"పొరపాటైంది కోటయ్యన్నా," అన్నాడు. "పొయ్యిలో బూడిద దొరకలా."

పెదనాన్న నాన్న ముఖాన ఉమ్మేసి వెళ్లిపోయాడు. నాన్న తుడుచుకోలేదు, నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని నేను ఎన్ని ఏళ్లు అనుకున్నానో! ఆయన బతికినన్నాళ్లూ ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు.

క్లబ్బు మళ్లీ ఆ నేల అడగలేదు, బయటి జట్లు రాలేదు. ఆ మూలలో నాగలి నడవలేదు, బంతి పడితే ఎవరూ తీసుకురాలేదు. చేలోని కొయ్యకాళ్ల మీంచి గెంతి బంతి తెచ్చిన వెంకటన్నకు చివరికి కొయ్యకాలే మిగిలింది. గ్రౌండు గీత పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పిల్లలకు ఆట నేర్పేవాడు, నేను కనపడితే మాత్రం ప్రతిసారీ అదే మాట. "ఏమే చిట్టీ, మీ నాయనంత మంచోడు లేడే. ఆ ఒక్క పని ఎందుకు జేశాడో నాకు ఈనాటికీ తెలవదే." చెబుదామని నోరు తెరిచేదాన్ని, చెప్పేదాన్ని కాదు. చెప్పకుండానే వెంకటన్నను కూడా సాగనంపాను. నేను పిరికిదాన్ని, అంతకంటే ఏం లేదు.

ఇప్పుడు ఆ చేను లేదు, జొన్న వేసేవాళ్లు లేరు, మస్తాన్ బాబాయి కొట్టు లేదు, అక్కడ ఒక పాదం ఉందని తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న ఆ మూలలో పనివాడు ఒకడు ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని తాడు వెంబడి ముగ్గు పోసుకుంటూ వస్తున్నాడు. మలుపు దగ్గర నేను అడ్డంగా నిలబడి ఉన్నాను.

"జరుగు అమ్మమ్మా, ముగ్గు తొక్కుతావు."

"బూడిద దొరకలేదా నాయనా?" అన్నాను.

వాడు నవ్వాడు. "బూడిదా? ఇప్పుడు ఎవరింట్లో పొయ్యిలున్నయ్ అమ్మమ్మా?"