అరవై శాతం తేమ

మేం దిగింది మధ్యాహ్నం రెండింటికి. చలి సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద. కొండల మధ్య ఊరు, పేరు చెప్పను. పద్దెనిమిది మందిమి, అందరం సింగపూర్ వాళ్లమే. అక్కడి ఆసుపత్రికి సాయం చెయ్యడం మా డ్యూటీ. మా రేకుల బ్యారక్‌ని వెచ్చగా ఉంచడం నా పని.

చలి గురించి అందరూ హెచ్చరించారు. పొడిగాలి గురించి ఒక్కడూ చెప్పలేదు. ఇప్పుడు సింగపూర్లో మా టోవా పాయో పేటలో చెబితే, "ఇక్కడ బట్టలే ఆరవు, మీకు పొడిగాలి కష్టమా అంకుల్?" అని నవ్వుతారు. నవ్వండి. మూడో రోజుకి నా పెదవులు చీలి రక్తం వచ్చింది. దుప్పటి లాగితే నిప్పురవ్వలు. గోడ మీది మీటర్లో తేమ పదకొండు శాతం.

రేడియో మనిషికి ముక్కులోంచి రక్తం ఆగడం లేదు. తమిళుడు. నన్ను "అన్నే" అనేవాడు. మా నాన్న సెంబవాంగ్ నేవీ బేస్‌లో పనిచేశాడు, నా తమిళం అక్కడిది. తెలుగు వచ్చినవాడు ఆ కొండల్లో నేనొక్కణ్ణే. భోజనాల దగ్గర నా పక్కన కూర్చునేది అతనొక్కడే.

"ముక్కులో దూది పెట్టుకుని రేడియోలో మాట్లాడతావేం తంబీ?"

"నా గొంతు ఎవరూ గుర్తుపట్టకూడదని, అన్నే."

డాక్టరు నవ్వలేదు. "ఆదివారం హెలికాప్టర్ వస్తుంది. ఈలోగా తగ్గకపోతే నిన్ను ఇంటికి పంపేయడమే లా," అన్నాడు మా సింగపూర్ యాసలో.

బ్యారక్ మొత్తానికి తేమనిచ్చే యంత్రం కొనుక్కురమ్మని కమాండర్ సోమవారం నన్ను బజారుకి పంపాడు. దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో హీటరు గాలి తడి మెత్త మీదుగా వస్తుంది, తేమ మెల్లగా పెరుగుతుంది. రెండోది నీళ్లు మరిగించి ఆవిరిని గొట్టాల్లోకి తోస్తుంది. బడి మధ్యలో మానేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని యంత్రాల పుస్తకాలు చదివినవాణ్ణి. రెండింటి పుస్తకాలూ చదివాను. రెండింట్లోనూ ఒకే పట్టిక. బయట ఇంత చలిగా ఉంటే లోపల తేమ పాతిక శాతం దాటకూడదు.

పాతికా! ఎనభై శాతం తేమలో పుట్టి పెరిగిన ఒళ్లు నాది. ఎవడో చలిదేశం వాడు రాసిన పట్టిక నాకెందుకనుకున్నాను. ఆవిరి యంత్రం కొన్నాను. అరవైకి తిప్పాను.

బుధవారానికి రేడియో మనిషికి రక్తం ఆగింది. శుక్రవారం సాయంత్రం టీ తాగుతూ అతను గట్టిగా గాలి పీల్చాడు.

"అచ్చం మన ఊరే, అన్నే. ఇంక దోమల్ని తెప్పిస్తే సరి."

శనివారం ఉదయం ఆరింటికి కప్పు కారింది. ఆవిరంతా రేకుల కింద మంచై పేరుకుంది. హీటరు పెంచగానే కరిగి రేడియో మీద పడింది. సెట్టు చచ్చింది. అప్పుడు ఆసుపత్రికి మందులు తెస్తున్న మా లారీ లోయలో ఉంది. ఎనిమిది గంటలు దానితో మాట లేదు. లారీ క్షేమంగానే వచ్చింది. అది మా అదృష్టం, నా గొప్ప కాదు.

కమాండర్ అందర్నీ నిలబెట్టాడు. "అరవై పెట్టింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపు రేడియో మనిషి, "నేనే సార్, ముక్కు కోసం," అన్నాడు.

తెరిచిన నోరు మూసుకున్నాను. రాసుకోండి, మూసుకున్నాను.

యంత్రం ఆపించారు. సాయంత్రానికి అతనికి మళ్లీ రక్తం. ఆదివారం తొమ్మిదింటికి సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎందుకలా చెప్పావు?"

"యంత్రం ఆపితే నేను ఎలాగూ పోవాల్సిందే కదా, అన్నే."

తర్వాత తడి మెత్త యంత్రం తెచ్చి పాతికకి పెట్టాను. ఆ చలికాలమంతా ఎవరికీ ముక్కులోంచి రక్తం రాలేదు. ఆ పట్టికని మొదటే నమ్మి ఉంటే అతను నా పక్కనే ఉండేవాడు.

నాలుగు నెలలకి సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాం. తలుపు తెరుచుకోగానే తడిగాలి మొహాన కొట్టింది. అందరూ హాయిగా పీల్చుకున్నారు. నేను కమాండర్ దగ్గరికెళ్లి, "అది నేను సార్," అన్నాను.

"తెలుసు," అన్నాడు ఆయన. "ఆ రోజే తెలుసు."

ఆ ఆదివారం హెలికాప్టర్ ఎక్కడానికి వెళ్తూ రేడియో మనిషి, బ్యారక్ లోపలివైపు మంచు పట్టిన కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. చెయ్యి మేరకి మంచు కరిగింది. ఆ అయిదు వేళ్ల అచ్చులోంచే చూశాను, అతను వెనక్కి తిరక్కుండా నడిచిపోవడం.