వాతానికి వాత

కాయ కోసే నా కుడిచేతి మీద ఒట్టు, ఇందులో అక్షరం అబద్ధం లేదు. నేను ఏం చెప్పినా సగం తీసేసి వినే ఆగిరిపల్లి జనం కూడా ఈ ఒక్కటీ పూర్తిగా నమ్మాలి. మొన్న ముసునూరు వెళ్తుంటే రోడ్డు పక్కన ఎవరో కుంటి ఎద్దుకి వాత పెడుతున్నారు. కాలిన వెంట్రుకల కంపు ముక్కుకి తగలగానే బండి ఆపి, ముక్కూమొహం తెలియని ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు నావి కావు, రత్తమ్మగారివి.

ఎనభైల్లో నేను రత్తమ్మగారి మామిడితోట అజమాయిషీ చూసేవాణ్ణి. ఆవిడ గొంతెత్తితే పక్కతోటలో రసాలు రాలేవి. తోట కాపలాకి ఒక కుక్క ఉండేది. పేరు కరెంటు, ఎందుకంటే పిలిచినప్పుడు వచ్చేది కాదు. ముసలితనంలో దానికి కీళ్ళు పట్టేశాయి. పొద్దున్నే లేవబోయి, వెనక కాళ్ళు సహకరించక కూలబడేది. కూలీల మేస్త్రీ వీర్రాజు దాన్ని చూసి, ఇది వాతమని, వాత పెడితే తప్ప పోదని తేల్చాడు. పేరులోనే మందు ఉందట. ఈ ముక్క కనిపెట్టినవాడెవడో గాని, మొదటి వాత వాడి నోటికి పెట్టాలి.

మర్నాడు దాని మూతి కట్టి, చెట్టుకి బిగించి, కొడవలి ఎర్రగా కాల్చాడు. నేను వద్దంటే నీకేం తెలుసన్నాడు. పరుగున వెళ్ళి రత్తమ్మగారికి చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూనే గట్ల మీదుగా వచ్చారావిడ. కొడవలి కుక్క కాలికి ఇంకా జానెడు దూరంలో ఉంది. ఆవిడ చెట్టు కింది నులకమంచం అడ్డంగా లాగించి కూర్చుని, చీర మోకాలి దాకా జరిపారు.

“ముందు నాకు పెట్టు వీర్రాజూ. నాదీ వాతమే.”

“మీకు పెట్టడమేంటండీ అమ్మగారూ... నొప్పెడతదండి.”

“దానికి పెట్టదా?”

వీర్రాజు కొడవలి నీళ్ళతొట్లో పడేశాడు.

నూజివీడు నుంచి పశువుల డాక్టరుగారిని పిలిపించారు. కీళ్ళు అరిగాయి, పూర్తిగా నయం కాదు, బరువు తగ్గించి, మెత్తటి పడక వేసి, రోజూ కాస్త నెమ్మదిగా నడిపిస్తే బాధ తగ్గుతుందన్నారాయన. తానిచ్చిన మాత్రలే వెయ్యాలట, మనుషుల నొప్పి బిళ్ళలు వేస్తే కడుపులో పుండ్లు పడి చస్తుందట. ఆ రోజు నుంచి తోటలో అందరితోనూ ఆవిడకి యుద్ధమే. జాలిపడి అన్నం ముద్ద విసిరినవాణ్ణి, ఆ బరువు దాని కాళ్ళ మీదే వేస్తున్నావని కడిగేసేవారు. కాయలు మాగేసే గది వెచ్చగా ఉంటుందని అక్కడే వరిగడ్డి పడక వేయించారు. నా చేత వేడిగుడ్డతో కాపడం పెట్టించారు. ముసలి కుక్కకి ఈ సేవలేంటండీ అని ఒకసారి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“అది నోరెత్తి తిట్టలేదయ్యా. దాని బదులు మనం తిట్టాలి.”

కొన్నాళ్ళకి కరెంటు తనంతట తాను లేచింది. గట్టు దాకా నడిచి, మాగిన మామిడి వాసన వేస్తూ తిరిగొచ్చేది. రత్తమ్మగారు పోయి చాలాకాలమైంది. ఎవరి తరఫున కోప్పడాలో నేర్పి పోయారు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు.

ఇక ఒట్టు సంగతి. కొడవలి జానెడు దూరంలో ఆగిందన్నది నా కల్పన. ఆవిడ వచ్చేసరికే ఒక వాత పడిపోయింది. ఆవిడ ఆపింది రెండోదాన్ని. ఆ మచ్చ మీద వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. ఆవిడ కోపంలో సగం తన నడక మీదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అందుకే ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆవిడని ఇంకాస్త త్వరగా నడిపిస్తుంటాను. ఆవిడ మాత్రం ప్రతిసారీ ఆలస్యంగానే వస్తారు.