ఒడిబియ్యం విమానం ఎక్కిన రోజు

మా ఆడబిడ్డ ఉండేది బెంగళూరులో. పోయిన ఏడు సిద్దిపేటలో మా ఇంట్లోనే పుట్టింటి ఆనవాయితీగా ఆమెకు ఒడిబియ్యం పోశాం. పసుపు కలిపిన బియ్యం, ఖర్జూరాలు ఒడిలో పోసి మూట కట్టాక మా అత్తమ్మ నియమం ఒకటుంది: ఆడపిల్ల తన ఇల్లు చేరేదాకా ఆ మూట కింద పెట్టకూడదు. అంతకుముందు పోసినప్పుడు రాత్రి బస్సులో ఆమె నిద్రపోతే మూట జారి కింద పడింది. ఇక ఆ ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయినా, అల్లుడికి జలుబు చేసినా అత్తమ్మకు ఆ మూటే గుర్తొచ్చేది. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకునేది. అది చూడలేక ఈసారి తీర్పు నేనే చెప్పాను.

"విమానంల పంపుదాం అత్తమ్మా. గంటంపావుల బెంగళూరు. కన్ను మూసే టైమే ఉండది."

మా ఆయన నవ్వాడు. "గంటంపావు హైదరాబాద్ నుంచి. విమానం మన బస్టాండ్లకొచ్చి ఆగుతదా?"

"ఐదువందల కిలోమీటర్ల పైన బస్సుల ఊగుకుంట పోయేకంటె నయమే గదా!"

"గంత నమ్మకముంటె నువ్వు సుత ఆమెతోని పో. మూట కింద పడితె మీ అత్తకు, మా అవ్వకు నువ్వే జవాబు చెప్పాలె."

పోతానన్నాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

పొద్దున టిఫిన్ చేసి ఆడబిడ్డా నేనూ కారెక్కాం. శంషాబాద్ చేరేసరికే నా గంటంపావు రెండుసార్లు అయిపోయింది. ఆపైన లోపల కూర్చుని ఎదురుచూపు. ఒకరు బాత్రూంకు పోతే ఒకరు మూట పట్టుకున్నాం. తనిఖీ దగ్గర యూనిఫాంలో ఉన్న అమ్మాయి మూటను ట్రేలో పెట్టమంది.

"కింద పెట్టొద్దమ్మా, ఒడిబియ్యం," అన్నాను.

"కింద ఎవరు పెట్టమన్నరు మేడం? ట్రేల పెట్టుండ్రి. మా అమ్మగారింట్ల సుత పోస్తరు, నాకు తెల్వదా?"

నాతో వాదించి గెలిచిన వాళ్లు తక్కువ. ఆ అమ్మాయి గెలిచింది. మూట బెల్టు మీద సొరంగంలోకి పోతుంటే మా ఆడబిడ్డ ముఖం వాడిపోయింది.

"వదినా, అవ్వకేం చెప్దాం?"

"బెల్టు నేలగాదు. నడువు."

విమానంలో ఇంకో గండం. ఒడిలో పెట్టుకోవద్దట, ముందు సీటు కిందికి తోయాలట. సీటు కిందనా! నేనే లేచి పైనున్న అరలో పెట్టించాను. విమానం ఎగిరిన గంటంపావూ ఇద్దరం మెడలు పైకెత్తి ఆ అర మూతనే చూస్తూ కూర్చున్నాం. దిగాక బెంగళూరు ట్రాఫిక్‌లో ఇంకో ప్రయాణం. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

చెప్పులు విడవకముందే అత్తమ్మ ఫోన్. "మూట యాడన్న పెట్టిన్రా?"

ఆడబిడ్డ నా వైపు చూసి ఫోన్ నా చేతిలో పెట్టింది. అబద్ధమాడదామా అనుకున్నాను గానీ నోరు రాలేదు.

"పెట్టినం అత్తమ్మా. కింద గాదు, మా నెత్తికంటె పైన. మొగులుల, మబ్బుల మీదికెల్లి పోయింది మీ మూట."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నాను.

"నెత్తి మీదనా? దేవుని పటం పెట్టినట్టు పెట్టిన్రన్నట్టు," అంది అత్తమ్మ. గొంతులో నవ్వుంది. "ఇగ పొయ్యి ముట్టిచ్చి ఆ బియ్యం వండుండ్రి. పక్కింటోళ్లను సుత పిలువుండ్రి బువ్వకు."

వెనకాల మా ఆయన గొంతు వినిపించింది. "ఎన్ని గంటలు పట్టిందో అడుగవ్వా!"

"విమానంల గంటంపావే," అని ఫోన్ పెట్టేశాను.