మగ్గం కింద గుంట

మొన్న గురువారం మా ఎల్బీనగర్ ఇంట్లో, రెండో తరగతి చదువుతున్న మనవరాలు తన పుస్తకంలో మన దేశం, మన పనులు అన్న పేజీ తెరిచి, అందులో ఖాళీగా వదిలిన చదరం చూపించి, మనింట్లో వాళ్లు చేసే పని ఇక్కడ గీయాలట అని చెప్పింది. పుస్తకంలోనే గీయమన్నారా అని రెండుసార్లు అడిగి, కింద అచ్చువేసిన సూచన కళ్లద్దాలు పెట్టుకుని చదివాక గాని నేను పెన్సిలు ఆ పిల్ల చేతికివ్వలేదు.

నలభై ఏళ్ల కిందట నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న బడిలో ఐదో తరగతి పంతులమ్మను. బడి గ్రంథాలయమంటే ఒక ఇనుప బీరువా, అందులో నూట పద్దెనిమిది పుస్తకాలు. తాళంచెవీ రిజిస్టరూ నా దగ్గరే. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పుస్తకం నలగకుండా తిరిగిరావడమే గొప్ప, పిల్లలు చదివారా లేదా అన్నది తర్వాతి సంగతి. పంద్రాగస్టున జెండా ఎగరేశాక బాగా చదివే పిల్ల ఒకరు వేదిక మీద దేశం గురించిన పాఠం చదవడం మా బడి ఆనవాయితీ. ఆ ఏడు పోచంపల్లి నుంచి వచ్చిన నేతవాళ్ల పిల్లను ఎంచుకుని, సాధన చేసుకోమని పుస్తకం ఇంటికిచ్చాను. వాళ్ల నాన్న మగ్గం వదిలి ఇక్కడి బట్టల దుకాణంలో పనికి కుదిరి అప్పటికి రెండేళ్లు.

ఆగస్టు పన్నెండున తిరిగొచ్చిన ఆ పుస్తకం తెరిచి చూస్తే, ఎత్తు పీట మీద కూర్చుని పువ్వుల చీర నేస్తున్న స్త్రీ బొమ్మ కింద పెన్సిలుతో గుంట తవ్వి, ఆమె కాళ్లు అందులోకి దించి, తెల్లని దారాలన్నిటికీ రంగులు పూసి ఉన్నాయి. గద్దిస్తే ఆ పిల్ల బెదరలేదు.

"మగ్గం కింద గుంట లేకుంటే ఆమె కాళ్లు ఏడ పెట్టుకుంటది టీచర్? తెల్ల నూలుతోని గన్ని పువ్వులు ఎట్లొస్తయ్? మా దాంట్ల ముందుగాల దారానికి రంగేస్తరు, గప్పుడు నేస్తరు."

ఆ మాటలో తప్పులేదని నాకు అప్పుడే తెలుసు. అయినా రిజిస్టరులో పాడైనదని రాసి, చదివే అవకాశం మరో పిల్లకు ఇచ్చేశాను. ఇంట్లో చెప్పుకోలేదు కాబోలు, పంద్రాగస్టు పొద్దున వాళ్ల నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ముందు వరుసలో నిలబడి, కూతురి పేరు కోసం చివరిదాకా ఎదురుచూశాడు. రిజిస్టరులో జూన్ నుంచి అప్పటివరకు ఆ పిల్ల పేరు మీద పదకొండు పుస్తకాలున్నాయి. ఆ తర్వాత ఏప్రిల్ దాకా ఒక్కటీ లేదు. దేశం గురించిన పుస్తకంలో తన ఇంటిని వెతుక్కున్న పిల్లను చదువుకే దూరం చేశానన్న దిగులు నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు.

శనివారం నాడు మనవరాలికి పంద్రాగస్టు లంగా కోసం చైతన్యపురి మెట్రో దగ్గర ఒక చేనేత దుకాణానికి వెళ్లి, బడిలో ప్రతిదీ రెండుసార్లు సరిచూసిన నాటి అలవాటు కొద్దీ, కొలిచిన రెండున్నర మీటర్ల గుడ్డను మళ్లీ కొలవమన్నాను. దుకాణం యజమానురాలు తలెత్తి నన్ను తేరిపార చూసింది.

"గీ మళ్లా కొలవమనుడు... మీరు మా ఐదో క్లాసు టీచరే గదా!"

బొమ్మ సంగతీ, పదకొండు పుస్తకాల సంగతీ, ఆ తర్వాతి ఖాళీ సంగతీ గబగబా చెప్పి, నన్ను మన్నించమ్మా అన్నాను. ఆమె మీటరు కర్ర పక్కన పెట్టి పకపకా నవ్వింది.

"మీ రిజిస్టర్ల లేకుంటే చదవనట్టేనా టీచర్? మలక్‌పేటల మా మేనత్త ఇంటి పక్కనే లైబ్రరీ ఉండె. ఐతారం బడి లేకుంటే నేను ఆడనే. పెన్సిల్ పెట్టినా అడిగెటోళ్లు లేరు, ఎన్ని మగ్గాలు సరిజేసిన్నో!"

మరి మీ నాన్న, అంటూ కొలిచిన గుడ్డ మడతపెట్టసాగాను. ఆమే చెప్పింది.

"నాయిన కోసం ఆ దినం ఇంట్ల నిలబడి చూడకుండ పాఠం మొత్తం అప్పజెప్పిన. గుంట గూడ కలిపే చెప్పిన. మస్తు ఖుషీ అయిండు."

మెట్రో మెట్లు ఎక్కుతుంటే నా మోకాళ్లు కూడా తేలికపడ్డట్టు అనిపించింది. నా రిజిస్టరు తప్పయినందుకు సంతోషపడటం అదే మొదటిసారి. ఇప్పటి పుస్తకాల్లో పిల్లల కోసమని ఒక చదరం వదులుతున్నారు, మంచిదే. ఎవరూ చోటు వదలని పేజీలో తన ఇంటికి చోటు చేసుకునే పిల్లలు ఇంకా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి మనవరాలి చదరం నిండిపోయింది. నేనూ, నా పక్కన పుస్తకాల బీరువా. బీరువాకు తాళం గీయడం మరిచిపోయింది. నేను గుర్తుచేయలేదు.