మైనం మేడమ్

మా అక్క రసాయన శాస్త్రవేత్త. నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసినవాణ్ణి. ఆ కాలేజీ ఇంకా కోలుకోలేదని విన్నాను. అయినా దేశదేశాల్లో అక్క పేరు చెప్పుకుంటున్నారంటే అందులో సగం పుణ్యం నాది. ఈ మాట అన్నప్పుడల్లా అక్క పళ్లు నూరుతుంది.

పందొమ్మిదేళ్లుగా అక్క ఒకే అణువు వెంట పడింది. ఇనుప ముక్కలో కోట్ల పరమాణువులు కూడబలుక్కుంటే గానీ అయస్కాంతం తయారవదు. అక్క అణువు దేనికదే అయస్కాంతం. కాకపోతే దానికి చలి కావాలి. ద్రవ హీలియంతో చల్లబరిచే ఆ యంత్రంలోకి దిగితే దెయ్యమైనా దుప్పటి అడుగుతుంది. చలి కాస్త తగ్గినా అణువు అయస్కాంతంగా నిలబడాలని అక్క పంతం. ఇన్నేళ్లలో సాధించింది నాలుగు డిగ్రీలు.

నేను ఆ ల్యాబులోనే సీసాలు కడుగుతాను. మొదట్లో అణువు పొడిని చిన్న గొట్టంలో వేసి యంత్రంలో పెడితే కొలతలు పూటకో రకంగా వచ్చేవి. అయస్కాంత క్షేత్రం తగలగానే రేణువులన్నీ ఊరేగింపు చూసే జనంలా ఒకే వైపు తిరిగిపోయేవి. "వీటిని కదలకుండా దేంతో పట్టుకోన్రా?" అని అక్క తల పట్టుకుంది. కిటికీ లేని గది, కరెంటు పోయింది, నా చేతిలో కొవ్వొత్తి. "ఇందులో ముంచు" అన్నాను. నేను అన్నది "చెయ్యి కాలుతోంది" అని అక్క వాదన.

కరిగిన మైనంలో పొడి కలిపి గడ్డకట్టిస్తే రేణువులు కదల్లేదు. అక్క దాని మీద రెండు పేజీల వ్యాసం రాసి పారేసింది. అక్కడ మొదలైంది గ్రహచారం.

ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే అది సైటేషన్. ఆ లోకంలో పరువంతా ఆ లెక్క మీదే. అణువు మీద అక్క రాసిన ఇరవై రెండు వ్యాసాలకూ కలిపి నలభై ఒకటి వచ్చాయి. అందులో ముప్ఫై అక్క తనను తాను పేర్కొన్నవే. మైనానికి పదకొండు వందలు. సదస్సుకు వెళ్తే "ఓ, మైనం మేడమా" అంటారు. రంగు కొవ్వొత్తి వాడొచ్చా అని ఒకాయన మెయిల్ పెట్టాడు. అక్క జవాబివ్వలేదు. సువాసన ఉన్నదైతే ఇంకా మంచిదని నేను రాశాను.

ఈ ఏడు మా పరిశోధన సంస్థలో గదులు చాలలేదు. ఎవరి గది ఉంచాలో తేల్చడానికి కమిటీ వేశారు. ఎవరికి వారు తమ ముఖ్యమైన పని ఒక్కటి రాసివ్వాలి. గది పోతే యంత్రం పోతుంది, అణువు పని అంతటితో సరి.

"మైనం రాయక్కా, కళ్లు మూసుకుని గెలుస్తావు."

"గెలిచి? రోజంతా లోకంలోని పొడులకు మైనం పోస్తూ కూర్చోనా?"

"పోసేది నేనేగా."

"నువ్వు నోరు మూసుకుంటే అదే పదివేలు."

బావ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. "గది పోయిందంటే ఆ చిరాకంతా నా నెత్తినే కదోయ్" అని నా చెవిలో గొణిగాడు. అక్క అణువే రాసింది.

కమిటీ ముందుకు వెళ్లిన రోజు ఫైళ్లు మోసుకుని నేనూ లోపల నిలబడ్డాను. ఎదురుగా అయిదుగురు. అక్క ఇరవై నిమిషాలు అణువు గురించి చెప్పింది. అంతా విని, వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా. మరి మైనం సంగతి రాయలేదేం? మా ల్యాబులో అందరం అదే వాడతాం."

"ఆ వ్యాసం చదివారా సార్?"

"భలేదానివే. పేర్కొన్నాం కూడా."

"అయితే మైనం ఎందుకు అవసరమైందో చెప్పండి."

పెద్దాయన పక్కాయన్ని చూశాడు. పక్కాయన చివర కూర్చున్న ఆవిణ్ణి చూశాడు. ఆవిడ నన్ను చూసింది. నాకు తెలుసు గానీ, సీసాలు కడిగేవాణ్ణి ఎవరడుగుతారు?

"రెండో పేజీలో ఉంది సార్" అంది అక్క. "ఈ అణువు బలం ఎంతంటే, క్షేత్రం తగలగానే తన రేణువుల్ని తానే తిప్పేసింది. మొదటి పేజీలో తాడుంది, రెండో పేజీలో ఎద్దుంది. పదకొండు వందల మంది తాడు పట్టుకుపోయారు. ఎద్దేదని అడిగినవాడు లేడు."

నా చేతిలోని ఫైలు లాక్కుని ఆ రెండో పేజీ కాపీలు అయిదు వాళ్ల ముందు పెట్టింది. "ఒక్క పేజీయే. చదవండి. నాకు తొందరేం లేదు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

చదివారు. ఏం చేస్తారు, తలుపు దగ్గర నేనున్నాను. చివర కూర్చున్న ఆవిడ మళ్లీ మొదటికి వచ్చి, పెన్ను తీసి ఏదో గీత గీసుకుంది. పెద్దాయన గొంతు సవరించుకుని, గది ఒక ఏడాది ఉంచుతామన్నాడు.

"ఏడాదేనా" అంది అక్క.

మెట్లు దిగుతూ కూడా చల్లారలేదు. "పందొమ్మిదేళ్లకు ఒక్క పేజీ చదివించానురా. ఇంకా ఇరవై రెండు వ్యాసాలున్నాయి. ఈ లెక్కన..."

"చెప్పనా అక్కా, ఎన్నేళ్లు పడుతుందో?"

ఫైళ్లు పట్టుకుని నోరు మూసుకుని నడవమంది.